మందుకు ఆగే విత్తనం

ముందే చెబుతున్నాను. పచ్చగా నవనవలాడుతున్న ఒక పత్తి చేను పట్టపగలు, దాని యజమాని చేతుల మీదుగానే, పంపు పెట్టి మరీ సర్వనాశనమైన కథ ఇది. ఆ యజమానిని నేనే. అయినా తప్పు నాది కాదు. మరి ఎవరిదో చదివాక మీరే తేల్చండి. తేల్చేటప్పుడు కాస్త నా వైపు మొగ్గండి, ఎందుకంటే ఊరంతా ఇప్పటికే అవతలి వైపు మొగ్గి ఉంది.

నా పేరు జోజి. మాది తొర్రూరు దగ్గర ఒక పల్లె. నన్నెవరైనా ఒక మాట అంటే అది నా కడుపులో విత్తనంలా పడుతుంది. వానలు లేకపోయినా మొలుస్తుంది. నా పెళ్లి ఫోటోల్లో నాకన్నా మా బావ ఎక్కువ కనిపిస్తున్నాడని ఫోటోగ్రాఫర్‌తో ఇప్పటికీ మాట్లాడను. ఆ బావ పేరు ఇన్నయ్య, మా అక్క భర్త. ఆయన చేను నా చేను పక్కనే. ఆయన నోరు మాత్రం రెండు చేల మీదా ఉంటుంది.

అప్పటికి నాకు పెళ్లయి కొత్త. ఒక ఆదివారం పూజ అయ్యాక చర్చి ముందు అందరం నిలబడి ఉన్నాం. బావ గొంతు పెంచి మొదలుపెట్టాడు.

"మా జోజి చేను దిక్కు పోయేటోళ్లు జర పయిలం. గడ్డిల పడి తప్పిపోతరు. పత్తి ఏరాల్నంటే ముందుగాల్ల పత్తి ఏడున్నదో ఎతకాలె."

అందరూ నవ్వారు. సరే, జనం అన్నాక నవ్వుతారు. కానీ ఫాదర్ కూడా నవ్వాడు! ఊళ్లో వాళ్ల పాపాలన్నీ చెవిలో పోసుకుని ఒక్కసారి కూడా పెదవి కదపని మనిషి, నా గడ్డి సంగతి విని కడుపు పట్టుకుని నవ్వాడు.

అసలు నా చేనులో గడ్డి ఎందుకు పెరిగింది? కలుపు తీసే ఆడవాళ్లందరూ బావ చేనుకే పోతారు కనుక. ఎందుకు పోతారు? అక్కడ మధ్యాహ్నం చేపల పులుసు పెడతారు కనుక. పెట్టేదెవరు? నా తోడబుట్టిన అక్క! ఇవన్నీ మనసులో పెట్టుకునే రకం కాదు నేను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ సమయంలోనే మా వైపు ఒక గుసగుస పాకింది. ఏదో కొత్త రకం పత్తి విత్తనం వచ్చిందట. మొక్కలు లేచాక చేనంతా గడ్డి మందు కొట్టవచ్చట. గడ్డి చస్తుందట, పత్తి మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడుతుందట. దానికి సర్కారు అనుమతి లేదు కనుక ఎవరూ పేరు పెట్టి అడగరు. దొంగసారా అడిగినట్టు అటూ ఇటూ చూసి, "ఆ ఇత్తనం" అంటారు. నాకు నిద్ర పట్టలేదు. కలుపు కూలీలు అక్కర లేని చేను! చేపల పులుసు అక్కర లేని చేను!

తొలకరికి ముందు విత్తనాల దుకాణానికి వెళ్లాను. యజమాని సోమన్న ఒక్కడే ఉన్నాడు. నేను గొంతు తగ్గించాను.

"అన్నా, మందుకు ఆగే ఇత్తనం ఉన్నదా?"

సోమన్న కూడా గొంతు తగ్గించాడు.

"ఇగో, ఇది తీస్కపో తమ్మీ. ఎంత మందేసినా ఆగుతది."

"ఎంతైనా?"

"ఎంతైనా. నీకే ఇసుగొస్తది గని దానికి రాదు."

అంటూ ఎడమ కన్ను కొట్టాడు. ఇంకేం కావాలి చెప్పండి! తగ్గిన గొంతు, కొట్టిన కన్ను. ఇదంతా దొంగ సరుకు లక్షణం కాకపోతే మరేమిటి? సోమన్నకు ఆ వారం గొంతు నొప్పి అనీ, ఎడమ కన్ను పుట్టినప్పటి నుంచీ దానంతట అదే కొట్టుకుంటుందనీ నాకు ఎవరు చెప్పారు? చెప్పని వాళ్లది తప్పా, అడగని నాదా?

వానలు పడ్డాయి. విత్తనం పెట్టాం. పత్తి లేచింది. దానికంటే ముందు గడ్డి లేచింది. నా భార్య రోజమ్మ రోజూ చేను చూసి వచ్చి గొణిగేది.

"గుంటుకన్న తోలయ్యా. ఇంకొన్ని దినాలైతే మొక్కలు కనవడయి."

"ఫికర్ చెయ్యకు. పెరగనీ. ఎంత పెరిగితే అంత మంచిగ చస్తది."

పెరిగింది. మోకాళ్ల దాకా వచ్చింది. ఇన్నయ్య బావ గట్టు మీద నిలబడి అరిచాడు.

"బామ్మర్దీ! పత్తి పెట్టినవా, గడ్డి పెట్టినవా?"

నా కడుపులో ఉన్న పాత విత్తనాలన్నీ ఒక్కసారిగా మొలిచాయి.

"బావా, మరియమాత పండుగకు ఫాదర్ చేలు మంత్రించుటానికి వస్తడు గదా. ఆ దినం నా చేనుల గడ్డి పోస ఒక్కటున్నా నా యాటను పండుగకు కోస్త. లేకుంటే నువ్వు కొయ్యాలె."

"నీ చేనుల గడ్డి లేకపోవుడా? బామ్మర్దీ, మత్తుల గిట్ల ఉన్నవా?"

"పందెమా, కాదా?"

"పందెమే! ఫాదరే సూసి చెప్తడు. ఏ యాటనన్నవ్, ఆ నల్లదాన్నేనా?"

చూశారా? పందెం ఇంకా మొదలు కాలేదు, అప్పుడే మా యాట రంగు దాకా వెళ్లాడు. ఆ నల్ల మేకను రోజమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకుంది. పందెం సంగతి విన్న రోజమ్మ నాతో రెండు పూటలు మాట్లాడలేదు. మూడో పూట మాట్లాడింది, మాట్లాడకుండా ఉంటేనే బాగుండేది.

గడ్డి మందును సోమన్న దగ్గర కాక వేరే దుకాణంలో, గట్ల మీది గడ్డికని చెప్పి కొన్నాను. ఒకే చోట రెండూ కొంటే అనుమానం వస్తుందని. అంత తెలివి ఉండేది నాకు. పంపు వీపుకు తగిలించుకున్నాను. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు, యుద్ధానికి పోతున్నట్టు బయలుదేరాను. రోజమ్మ వెనకే వచ్చింది.

"జర ఆగు. ముందుగాల్ల ఒక్క సాలుకు కొట్టి సూడు. మంచిగుంటే తర్వాత కొట్టుకో."

"నువ్వు ప్రభువు గాయంల ఏలు పెట్టిన తోమాసు లెక్క మాట్లాడకు. ఏలు పెట్టి సూస్తెనే నమ్ముతవా?"

"ఏలు పెట్టి సూసినందుకు ఆయనకు ఏం నష్టం రాలే గదా."

జవాబు లేనప్పుడు పంపు గట్టిగా కొట్టాలి. కొట్టాను. చేనంతా, ఒక మూల కూడా వదలకుండా, మొక్క మొక్కకూ బొట్టు పెట్టినట్టు శ్రద్ధగా కొట్టాను. నా జీవితంలో ఏ పనీ అంత శుభ్రంగా చేయలేదు.

కొన్ని రోజులకు గడ్డి పసుపెక్కింది. గట్టు మీద కూర్చుని ఆనందించాను. మరునాడు పత్తి ఆకులు కూడా కాస్త పాలిపోయాయి. ఇన్నాళ్లు కలిసి పెరిగిన గడ్డి పోతోందని పత్తికి బాధగా ఉందేమో అనుకున్నాను. ఆ తరువాత పత్తి తలలు వేలాడేసింది. దుఃఖం మరీ ఎక్కువైందనుకున్నాను. వారం గడిచేసరికి చేనంతా వేయించిన కరివేపాకులా ఉంది. అప్పుడు బాధపడుతున్నది పత్తి కాదు, నేను.

ఎండిన మొక్కలు చంకన పెట్టుకుని సోమన్న దుకాణం మీద పడ్డాను. జనం బాగా ఉన్నారు. వ్యవసాయ విస్తరణాధికారి మేడం కూడా అక్కడే ఉంది. మంచిదే, సాక్ష్యం ఉంటుందనుకున్నాను.

"నకిలీ ఇత్తనం అమ్మినవ్! మందుకు ఆగుతదన్నవా లేదా?"

"అన్న. ఎంత మందేసినవ్ మరి?"

"ఒక్కసారే కొట్టిన. ఒక్కసారికే సచ్చింది!"

సోమన్న ముఖం మారింది.

"కొట్టినవా? ఏం మందు కొట్టినవ్?"

"గడ్డి మందు."

సోమన్న నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఓరి దేవుడా! నేను ఏసినా అన్న తమ్మీ, కొట్టినా అన్ననా? ఏసుడంటే బస్తా మందు, యూరియా! ఎంత ఏసినా ఏపుగ పెరుగుతది, ఒరిగి పండుకోదని చెప్పిన. కొట్టుమని నేనెప్పుడన్న?"

ఇక్కడ నా పక్షాన ఒక్క మాట చెప్పనివ్వండి. మా దగ్గర మందు అంటే ఒక వస్తువు కాదు, ఒక సంత. దవాఖానలో ఇచ్చేది మందు. పురుగును చంపేది మందు, గడ్డిని చంపేది మందు. చేనుకు బలానికి చల్లేదీ మందే, పొద్దు గూకగానే మనుషుల్ని వరుసలో నిలబెట్టేదీ మందే. బతికించేదానికీ చంపేదానికీ ఒకే పేరు పెట్టి, తేడా అంతా ఏసుడు, కొట్టుడు అనే రెండు మాటల్లో దాచిపెట్టింది ఎవరు? నేనా? పైగా ఆ చివరి రకాన్ని ఏస్తారు కూడా, కొడతారు కూడా!

అదే వాదన అక్కడా వినిపించాను. విస్తరణాధికారి మేడం మొక్కను అటూ ఇటూ తిప్పి చూసి నెమ్మదిగా అంది.

"జోజి గారూ, ఇది నకిలీ కాదు. అసలు ఇత్తనమే. అసలుది గనకనే సచ్చింది. గడ్డి మందుకు బతికుంటే అది అనుమతి లేని ఇత్తనం అన్నట్టు. అప్పుడు సోమన్న మీద కేసు, మీ మీద కూడా ఎంక్వైరీ."

"అంటే నాకు అసలు ఇత్తనం అమ్మి మోసం చేసిండన్నట్టు!"

"మీరు అడిగింది దొంగ ఇత్తనమా మరి?"

నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో ఫిర్యాదు మధ్యలో నోరు మూసుకోవడం అదొక్కసారే. సోమన్న మాత్రం నోరు తెరిచాడు, దుకాణంలో ఉన్న వాళ్లందరి వైపు తిరిగి.

"విన్నరు గదా? నా దగ్గర అసలు ఇత్తనమే దొరుకుతది! కావాల్నంటే జోజి చేను సూసి రాండ్రి!"

సూసి వచ్చారు. నిజంగానే జనం వచ్చి, నా చేను చూసి, వెళ్లి సోమన్న దగ్గర విత్తనాలు కొన్నారు. ఆ ప్రచారానికి వాడు నాకు కనీసం ఒక చాయ్ తాగించలేదు. ఇది కూడా నేను మనసులో పెట్టుకోలేదు.

పత్తి పోయింది. ఇక మిగిలింది పందెం. దేవుడా, యాట అయినా దక్కించు అనుకుంటూ చేను చూద్దును కదా, అంత మందుకూ చావని తుంగ గడ్డి అక్కడక్కడ తలెత్తి నన్ను చూస్తోంది. పత్తి చచ్చింది, తుంగ లేచింది! పండుగకు ముందు రోజు పొద్దున కొంగలా వంగి మొదలుపెట్టాను, చేత్తో, ఒక్కొక్క పోస, గడ్డతో సహా. దారిన పోయే యాకమ్మ అవ్వ ఆగి చూసింది.

"ఏం చేస్తానవ్ కొడుకా?"

"కలుపు తీస్తాన అవ్వా."

"పత్తేది?"

"లేదు."

"మరి కలుపెందుకు తీస్తానవ్ బిడ్డా?"

అవ్వ నా ముఖం చూసి, జాలిపడి, దవాఖానకు పోయి మందు తెచ్చుకొమ్మని చెప్పి వెళ్లింది. ఈసారి ఏ మందో అడిగి తెలుసుకోవాలనిపించింది. అంతలో రోజమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాను. నన్ను చూసింది, చేను చూసింది, గట్టు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. తరువాత చీర కుచ్చిళ్లు దోపుకుని పక్క సాలు అందుకుంది.

"నల్లదాని కోసం తీస్తాన, నీ కోసం కాదు."

పండుగ రోజు పూజ అయ్యాక ఫాదర్ మంత్రించిన నీళ్లతో చేలకు వచ్చాడు, వెనక ఊరంతా. నా గట్టు దగ్గర ఆగాడు. ఎదురుగా నున్నటి ఎర్రనేల, ఎండుపుల్లలు. ఇన్నయ్య బావ గట్టు దిగి, వంగి, ఒక ఎండుపుల్ల విరిచి చూశాడు.

"ఫాదర్, గడ్డి ఉన్నదా సూడుండ్రి," అన్నాను ఛాతీ విరిచి.

పాపం, ఆ మూల నుంచి ఈ మూల దాకా నడిచాడు. వంగి చూశాడు.

"లేదు."

"బావా, యాట!"

"అరే, పత్తేదిరా?"

"పందెంల పత్తి ముచ్చట లేదు. గడ్డి ఉండొద్దన్నం. లేదు."

ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. ఫాదర్ నవ్వు ఆపుకుని తీర్పు చెప్పాడు, "మాట మాటే ఇన్నయ్యా. గడ్డి లేదు." ఆ మీదట చేను మీద నాలుగు చుక్కలు చల్లాడు. "ఇది మాత్రం ఎంత కొట్టినా ఏం గాదు జోజీ," అన్నాడు.

బావ యాట కోశాడు. నిజం చెప్పాలంటే కూర అక్క చేతి వంట కనుక అద్భుతంగా ఉంది. ఇక ముద్ద నోట్లో పెడతామనగా, ప్రార్థన చెప్పమని బావను అడిగారు. ఆయన కళ్లు మూసుకుని చేతులు జోడించాడు.

"ప్రభువా, మా జోజి చేనుల గడ్డి లేకుంట చేసినవ్, స్తోత్రం. పత్తి గూడ లేకుంట చేసినవ్, నీ చిత్తం. ఇగ వాని చేనుల మిగిలింది వాడొక్కడే. వానికి మందు కొట్టొద్దు ప్రభువా, మాకు కావాలె. రేపు పొద్దుగాల్ల నేను నాగలి కట్టి ఆ చేనుల ఉలవ ఇత్తనాలు అలుకుత. అవన్న మొలిపియ్యి. ఆమెన్."

అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది ఫాదర్. అందరికన్నా ఆలస్యంగా అన్నది నేను. ఉలవలు ఎన్ని పడతాయో లెక్కేసుకుంటూ ఉండిపోయాను, అంతే.

రోజమ్మ నా విస్తట్లో ఇంకో గరిటె వేస్తూ చెవిలో అంది.

"గెలిసినవ్ గదా, కడుపు నిండ తిను. పత్తి చేనంత పెట్టి కొనుక్కున్న కూర."

అక్కడికక్కడే, కూర అంటిన చెయ్యి పైకెత్తి, మరియమాత సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇంకే పందెమూ గెలవను. ఓడిపోతే ఒక్క యాటతో పోతుంది. ఇంకొక్కసారి గెలిస్తే తట్టుకునే శక్తి నాకు లేదు.