రంగూన్ మాస్టారు పెట్టని సంతకం

మొన్న పాలప్యాకెట్టుతో తిరిగొస్తుంటే మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కొత్త సెక్యూరిటీవాడు నన్నాపి, "కిస్‌కే ఘర్ జానా హై, అంకుల్?" అంటూ, ఎవరింటికో రాయమని విజిటర్ల రిజిస్టరు ముందుకు తోశాడు. ఢిల్లీ పక్కన ఈ వైశాలిలో, ఇదే ఫ్లాటులో ఇరవై ఆరేళ్లుగా ఉంటున్నవాణ్ణి! సొసైటీ సెక్రటరీకి ఫిర్యాదు రాశాను. జవాబు లేదు. అదీ గుర్తుపెట్టుకుంటాను. మా పై అంతస్తులో ఉండిన రంగూన్ మాస్టారైతే నవ్వేసి ఊరుకునేవారు.

ఆయన బర్మా మనిషి. కాలేజీ రోజుల్లో సైనిక ప్రభుత్వానికి ఎదురుతిరిగి, అడవుల వెంట నడిచి మిజోరం చేరి, చివరికి ఢిల్లీ వచ్చి పిల్లలకి ఇంగ్లీషు చెప్పుకునేవారు. మొదటిసారి మెట్ల మీద కలిసినప్పుడే, మా ఇంట్లో తెలుగు విని, "మీరు కోరంగివాళ్లు కదా?" అన్నారు. మా కాకినాడ పక్కన కోరంగి రేవులో ఓడలెక్కి బర్మా వెళ్లిన మనవాళ్లకి అక్కడ అదే పేరట. ఆఫీసులో నన్ను మద్రాసీ అన్నవాళ్ల పేర్లు ఇప్పటికీ వరసగా చెప్పగలను. నన్ను సరైన జిల్లాకి చేర్చింది మాత్రం ఈ పరదేశి ఒక్కడే. ఆదివారాలు మా ఆవిడ చేపల పులుసు పైకి పంపితే, ఆయన ఊరబెట్టిన తేయాకు పచ్చడి కిందికి పంపేవారు. ఆ వగరు నాకు పడేది కాదు, అయినా మిగిల్చేవాణ్ణి కాదు.

ఒక వేసవిలో ఆయన ఫ్లాటు ఓనరు, ఆధార్ చూపించకపోతే నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. మాస్టారి దగ్గరున్నది శరణార్థి కార్డొక్కటే. అన్యాయమంటే నాకు ఊపొస్తుంది. ఆయన్ని అడక్కుండానే భారత పౌరసత్వం కోసం నాలుగు పేజీల దరఖాస్తు తయారుచేసి పట్టుకెళ్లాను. శ్రద్ధగా చదివి, రెండు తప్పులు దిద్ది, చివరి పేజీ దగ్గర ఆగిపోయారు. పాత దేశపు పౌరసత్వం వదులుకుంటానని అక్కడ రాశాను. నిబంధన మరి.

"భాయీసాబ్, నా దేశాన్ని వాళ్లు లాక్కున్నారు, ఠీక్ హై. నా చేత్తో నేనివ్వను."

"ఇల్లు పోతుందండీ!"

"ఇల్లే కదా. ఇంకోటి వెతుక్కుంటాను."

సంతకం పెట్టకుండానే కాగితాలు నాకు తిరిగిచ్చేశారు. ఆఫీసులో మా డైరెక్టరు కూడా ఏనాడూ నా డ్రాఫ్టు తిప్పి పంపలేదు! ఆయనతో మాట్లాడటం మానేశాను. నెలాఖరు ఆదివారం సామాను టెంపోకెక్కుతుంటే మా ఆవిడ, "వెళ్లి ఒక్కమాట చెప్పి రండీ, మీ పంతం మండా!" అంది. పరదా వెనకే నిలబడ్డాను. ఆయన మా బాల్కనీ వైపు రెండుసార్లు తలెత్తి చూశారు. ఢిల్లీకి అటు కొసన ఉన్న వికాస్‌పురి వెళ్లారని తర్వాత విన్నాను. ఏ గల్లీయో తెలియదు.

మొండితనంలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి. ఆయన తన దేశం కోసం ముప్పై ఏళ్లు పట్టుబట్టి కూర్చున్నారు. నేను మెట్లు దిగి రావడానికి పది నిమిషాలు చాలేవి. ఇన్నేళ్లయినా ఆ పది నిమిషాలు గడవడం లేదు.