డెలానీ చేతిసంచి

పశ్చిమ టెక్సస్‌లో డెలానీ వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఆడవాళ్ళ చేతిసంచిలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. చూయింగ్ గమ్ కావాలన్నా సరే, సంచి తెచ్చి దాని యజమానురాలి ఒళ్ళో పెట్టాల్సిందే. లోపల పిస్తోలు ఉంటుంది మరి. ఇరవై ఒకటో ఏట డెలానీకి తుపాకీ లైసెన్సు రాగానే, ఆమెకూ ఒక పిస్తోలు కొనిచ్చింది అమ్మమ్మ. అప్పటినుంచి ఫోను చేసినప్పుడల్లా, తిన్నావా అని కూడా అడగకుండా, "సంచి పక్కనే ఉందా తల్లీ?" అనేది.

కాలేజీకి తుపాకీ తీసుకెళ్ళడానికి అక్కడ చట్టం ఒప్పుకుంటుంది. పైకి కనబడకూడదు, అంతే. కానీ డెలానీ దాన్ని దాచింది చట్టానికి భయపడి కాదు, నోయెమీ కోసం. ఇద్దరూ ఒకే గదిలో అద్దెకుండేవారు. నోయెమీ తమ్ముడు బడిలో జరిగిన కాల్పుల్లో పోయాడు. తలుపు గట్టిగా పడితే చాలు, ఆ పిల్ల ఉలిక్కిపడేది.

ఒకరోజు క్లాసులో మేడమ్, "కాలేజీలో తుపాకులు వద్దనేవాళ్ళు చేతులెత్తండి" అంది.

"ఎవడైనా కాల్చడానికొస్తే పుస్తకాలు విసురుతారేమో!" అన్నాడు వెనకనుంచి ఒకడు. అందరూ నవ్వారు.

నోయెమీ చెయ్యెత్తింది. కాళ్ళ దగ్గర ఆ సంచి పెట్టుకుని డెలానీ కూడా ఎత్తింది. సిగ్గుమాలిన పనే. కానీ నోయెమీ బల్ల కింద ఆమె రెండో చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇక నిజం చెప్పడానికి నోరెలా వస్తుంది?

ఆ ఆదివారం డెలానీ పిండి కలుపుతోంది.

"వెన్న అయిపోయింది, కొనుక్కొస్తా. కారు తాళాలెక్కడే?" అంది నోయెమీ.

"నా సంచిలో ఉన్నాయి, తీసుకోవే."

నోయెమీ దగ్గర నీది నాది అన్న తేడా ఏనాడో పోయింది. అమ్మమ్మ కట్టుబాటు అలాగే మరపున పడింది. గుర్తొచ్చేసరికి నోయెమీ చెయ్యి సంచిలో ఆగిపోయి ఉంది.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. నీకేమన్నా అయితే అడ్డుపడదామనే, ఒట్టు!"

నోయెమీ అరవలేదు. అరిచినా బాగుండేది.

"మా ఇంట్లో కూడా పట్టని నిద్ర నాకు నీ పక్కన పట్టేదే" అంది. "ఆ రోజు నాతోపాటు చెయ్యి కూడా ఎత్తావు."

సాయంత్రానికల్లా సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. మర్నాడు క్లాసులో ఎక్కడో ముందు వరసలో, ఎవరి పక్కనో కూర్చుంది. డెలానీ గుండె చెరువైంది. బయటికి రాగానే ఫోను మోగింది.

"సంచి పక్కనే ఉందా తల్లీ?"

"ఉందమ్మమ్మా" అంది డెలానీ. "అదొక్కటే ఉంది."