రెండు ఈలలు

“రాత్రిపూట అది భయపడి ఏడిస్తే ఎవరు లేస్తరు మామా?”

సూర్యాపేట బస్సు దిగేదాకా హారిక అదే అడిగింది. కోదాడ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది ఆమె. చీకటంటే హడలిపోయే ఎనిమిదేళ్ల కూతురు శ్రీజను, రిటైరైన జనరల్ సాబ్ పెట్టిన హాస్టల్ బడిలో చేర్చాలని తెచ్చింది. అక్కడైనా ధైర్యం వస్తుందని ఆశ.

మేనమామ బిక్షాన్ని తోడు తెచ్చుకుంది. ఆత్మకూరులో వరి పండించే బిక్షం ఒకప్పుడు సిపాయి, ఆ జనరల్ దగ్గరే పనిచేశాడు. ఆయన ఎలాంటివాడని ఎప్పుడడిగినా “యుద్ధంల పులి” అనేవాడు. అది అబద్ధమూ కాదు.

బడి మైదానంలో జనరల్ మాట్లాడుతున్నాడు. “నా జవాన్లు నా కన్నబిడ్డలు!” చప్పట్లు మోగాయి. హారిక కళ్లు చెమర్చాయి. వేదిక దిగుతూ జనరల్ వెనక వరుసలో బిక్షాన్ని గుర్తుపట్టి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని రెండుసార్లు ఈల వేశాడు.

మోకాళ్ల నొప్పులతో బస్సెక్కలేక మూలిగిన మనిషి, దిగ్గున లేచి, మడమలు కలిపి కర్రలా బిగుసుకుపోయాడు. శ్రీజ కోసం ఒళ్లో పెట్టుకున్న నీళ్ల సీసా కింద పడి దొర్లింది.

“చూశారా, ఇప్పటికీ మర్చిపోలేదు!” జనరల్ నవ్వుతూ ముందుకు సాగాడు.

“ఎంత ప్రేమో!” అంది పక్కావిడ. హారిక కూడా నవ్వబోయి, మామ ముఖం చూసి ఆగిపోయింది. జనరల్ దాటిపోయినా ఆయన ఇంకా మడమలు కలిపే నిలబడ్డాడు.

“ఏమైంది మామా?”

“ఒక్క ఈల కుక్కకు. రెండు ఈలలు నాకు.” పళ్లు కొరికాడు. “దేశం కోసమని పోయిన బిడ్డా. ఇంటి పనికి పెట్టుకొని బూట్లు తుడిపిచ్చిండు. తన కొడుకును బెల్టుతోని కొట్టుకుంట పిలగాని చేతులు నన్ను పట్టుకోమన్నడు, పట్టుకున్న. ఆ ఇంట్ల కుక్కకు రాజా అని పేరుండె. నన్ను ఒక్కనాడన్న బిక్షం అని పిల్వలే.”

“మరి పులి అంటివి కదా!”

“బయట పులే. ఆ పులి పేరు చెప్పుకొని ఊర్ల మీసం దువ్విన. ఇప్పుడు సూడు, నేను లేవలే, నా కాళ్లే లేసినయ్. థూ!”

“తాతా, ఈల వేస్తే నేను గూడ లేవాల్నా?” శ్రీజ అడిగింది.

హారిక ఒళ్లు మండిపోయింది. కూతురి పెట్టె అందుకుని గేటు వైపు నడిచింది.

“మేడం, జనరల్ సాబ్‌ను కలవరా?” గుమాస్తా వెంటపడ్డాడు.

“కలిసినం,” అంది వెనక్కి చూడకుండా.

తర్వాత మిర్యాలగూడలో ఒక బడి చూడబోయినప్పుడు ప్రిన్సిపాల్ ల్యాబులు చూపిస్తానంటే హారిక ముందు ఆయా ఎక్కడుందని అడిగింది. ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా అంతే. ఆ రోజు సూర్యాపేట నుంచి తిరుగు బస్సులో మామ చెప్పిందదే:

“పెద్దమనిషి మైకుల ఏమంటడో ఇనకు బిడ్డా. ఆయన దగ్గితే పనోళ్లు ఎట్ల నిలవడతరో సూడు. పిల్లను ఆయన దగ్గర ఇడ్సాల్నా వద్దా, ఆడనే తెలుస్తది.”