కండలో మొలిచిన ఎముక

సైనిక ఆసుపత్రి కింది అంతస్తులోని ల్యాబులో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ ముక్కలక్క అంటారు. బాంబు పేలి కాళ్ళు పోయిన జవాన్ల గాయాల నుంచి డాక్టర్లు కోసి పంపే కండ ముక్కలు ఆవిడ చేతికే వస్తాయి. కొత్త కండను పుట్టించే మూలకణాలను వాటిలోంచి వేరుచేసి, గాజు పళ్ళేల్లో మూడు వారాలు పెంచి, రంగు వేసి చూస్తుంది. దారి తప్పి ఎముకగా మారుతున్న కణాలు ఎర్రబడతాయి. అలా ఎర్రబడిన కణాలున్నవాళ్ళకు తెగిన కాలి కండలో నిజంగానే ఎముక మొలుస్తుందా అన్నది పరిశోధన. ముక్కల మీద పేర్లుండవు, నంబర్లే. ఫలితం పై వార్డుకు చేరకూడదు.

నలభై ఒకటో నంబరు వచ్చిన రోజు ఆపరేషన్ జరిగింది ఒక్కరికే. ఆవిడ తమ్ముడికి. ఎడమకాలు పోయినా మోకాలు మిగిలింది. అదుంటే పెట్టుడు కాలితో మెట్లెక్కొచ్చని వాడి ఆశంతా దాని మీదే.

మూడు వారాలకు పళ్ళెం ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎర్రబడింది. ముక్కలక్క పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది.

"సార్, నలభై ఒకటి మా తమ్ముడిది. కాలు తొడగడం కొన్నాళ్ళు ఆపమని పైకి చెప్పండి."

"నంబర్లకి అక్కలుండరమ్మా. పళ్ళెంలో మొలిచింది కాల్లో మొలుస్తుందా లేదా అనేగా మనం చూసేది? ముందే చెప్పేస్తే ఇంక చూడ్డానికేముంది? నువ్వు చెప్పావని తెలిస్తే మాత్రం రేపట్నుంచి రానక్కర్లేదు."

పైన తమ్ముడు కొత్త కాలు తొడుక్కుని, రెండు కమ్ముల మధ్య నడక నేర్చుకుంటున్నాడు.

"ఏమే ముక్కలక్కా, నా కండ నీ దగ్గరికొచ్చిందా? ముదురా, లేతా?"

"ఎవరిదేదో మాకేం తెలుస్తుందిరా."

"తెలిస్తే నువ్వు చెప్పకుండా ఉంటావా," అని నవ్వి ఇంకో అడుగేశాడు.

ఆవిడ కిందికొచ్చి ఫలితం రాసింది. ఒక్క అంకె కూడా మార్చలేదు.

ఏడో వారానికి మోకాలి కింద ఎముక ముళ్ళలా మొలిచింది. పెట్టుడు కాలి ఒత్తిడికి చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. చీము మోకాలి దాకా పాకింది. ఈసారి తొడ దగ్గర తీసేయాలన్నారు.

పెద్ద డాక్టరు హుషారుగా ఉన్నాడు. "మన అంచనా నిజమైంది. రెండో ముక్క కూడా కావాలి. ముక్క ఇస్తానని మీ తమ్ముడు సంతకం పెట్టనంటున్నాడట, నువ్వెళ్ళి ఒప్పించు."

కాగితం పట్టుకుని వెళ్ళింది. తమ్ముడు దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. కండలో ఎముక మొలుస్తుందని ల్యాబులో ముందే తెలుస్తుందా అన్నదే పరిశోధన అని అందులో రాసుంది.

"పోయినసారి ముక్క చూసింది నువ్వేనా?"

"నేనే."

"అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"పెన్నివ్వు."

సంతకం పెట్టి, కాగితం అక్కకు కాకుండా నర్సుకు అందించాడు.

"ఈవిడని పంపించేయండి సిస్టర్. ఇక్కడికి బంధువుల్నే రానివ్వాలి కదా."