ఉసిళ్లు వేయించిన చౌడమ్మ

పుంగనూరులో చౌడమ్మ ఉండే వీధిలో ఎవరింటికి కొత్త ఫ్రిజ్జు వచ్చినా, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయినా, ఇంటివాళ్ల కంటే ముందు ఆమెకే తెలిసేది. తన వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ నాలుగిళ్ల అవతలి దాకా పోయి, పనిలో పనిగా కిటికీల్లోకి తొంగిచూసి వచ్చే మనిషి. అలాంటి చౌడమ్మ సోమల దారిలోని ఒక మామిడితోపులో పిల్లల వేసవి శిబిరానికి వంటకు పోయిందని తెలిసి వీధి వీధంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఆ శిబిరంలో పుస్తకం తెరిచే పని లేదు. మదనపల్లె నుంచీ కుప్పం నుంచీ వచ్చిన పిల్లలు పొద్దున్నే లేచి చెట్ల వెంట, పుట్టల వెంట తిరగాలి. తొండ తల ఎందుకు ఆడిస్తుందో, పేడపురుగు ఉండను ఎటు దొర్లిస్తుందో, ఉత్తరేణి గింజ గుడ్డకు ఎలా అంటుకుంటుందో కళ్లారా చూడాలి. చూపించేది మునిశేఖర్ సారు. ఉద్యోగం కుప్పంలోనైనా ఆయన పుట్టి పెరిగింది సోమలలోనే. ఆయన పెట్టిన చట్టం ఒక్కటే. తోపులో ఏ ప్రాణినీ చంపకూడదు. చంపితే ఎవరైనా సరే, బస్సెక్కి ఇంటికి పోవాల్సిందే.

చౌడమ్మ వచ్చిన రోజే తేలును చెప్పుతో కొట్టింది. మర్నాడు పొయ్యి దగ్గర జెర్రిని చీపురుతో సాగనంపింది.

"ఇంకోతూరి జరిగితే బస్సే, చౌడమ్మక్కా!" అన్నాడు సారు.

"అది నా చెవిలో దూరితే నువ్వొచ్చి తీస్తావా సారూ?" అని దబాయించిందే గానీ, లోపల ఆమెకు బస్సు భయం పట్టుకుంది. తోపు వదిలిపోవడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు. దానికి కారణం తరన్నుమ్ చేతిలోని భూతద్దం.

తరన్నుమ్ మదనపల్లె పిల్ల. అన్నం ఉడికేలోపల ఆ పిల్ల దగ్గర అద్దం లాక్కుని చౌడమ్మ చీమల ఇళ్లలోకి కూడా తొంగిచూసేది. వంటపాక వెనక జిల్లేడు చెట్టుకు ఒక చారల పురుగు ఉండేది. అది ఆకులన్నీ నమిలి నమిలి, ఒకరోజు తలకిందులుగా వేలాడి, పచ్చటి గూడై కూర్చుంది. గూటి మీద బంగారు చుక్కలు.

"దీనికి ముక్కుపుడక ఎవురు సేయించినారే పాపా!"

"దాంట్లోంచి సీతాకోకచిలక వస్తాదవ్వా. ఇంకా కొన్ని దినాలు పడతాది."

"నిజమా? మా వీధిలో అందరి కాన్పులూ నేనే సూసినా. ఇది సూడకుండా యాడికీ పొయ్యేదే లేదు," అంది చౌడమ్మ. ఆ రోజు నుంచి ఈగ వాలినా కొంగుతో మర్యాదగా విసిరేదే గానీ చెయ్యెత్తలేదు.

అంతలో ఒక సాయంత్రం వాన కురిసింది. వాన వెలియగానే పుట్టల్లోంచి రెక్కల చెదలు, అవే ఉసిళ్లు, కుప్పలు తెప్పలుగా లేచాయి. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. చౌడమ్మకు నోట్లో నీళ్లూరాయి. తొలివానకు ఉసిళ్లు లేచాయంటే ఆ పక్క ఊళ్లలో పొయ్యి మీద పెనం ఎక్కినట్టే.

చంపేది తప్పు, సరే. లైటు వేసేది తప్పని సారు చెప్పలేదు. లైటు కింద నీళ్ల బేసిను పెట్టేది తప్పని అసలే చెప్పలేదు. వాటంతట అవి వచ్చి పడితే ఆడమనిషి ఏం చేస్తుంది?

ఆ రాత్రే బేసిను నిండింది. మర్నాడు ఎండ కాయగానే వాటిని ఆరబెట్టి, రెక్కలు చెరిగి, బొరుగులతో, కారంతో, వెల్లుల్లితో దోరగా వేయించింది. ఆ వాసన తోపంతా తిరిగి మునిశేఖర్ సారును ముక్కు పట్టుకుని లాక్కొచ్చింది.

"ఏం సేస్తాండావక్కా?"

"బొరుగులు సారూ," అంది చౌడమ్మ అమాయకంగా. అది అబద్ధమూ కాదు.

సారు గిన్నెలోకి చూశాడు. చూసి, అటూ ఇటూ చూశాడు. ఒక పిడికెడు నోట్లో వేసుకున్నాడు. ఇంకో పిడికెడు తీసుకున్నాడు. మూడో పిడికిటికి కళ్లు మూసుకుని, "మా జేజి సేసినట్లే ఉండాయి," అన్నాడు నాయనమ్మను తలుచుకుంటూ.

"సార్, మీ మీసానికి రెక్క అంటుకోనుండాది," అంది వాకిట్లోంచి తరన్నుమ్. వెనక పిల్లలందరూ ఉన్నారు.

సారు మీసం తుడుచుకున్నాడు. ఏం లాభం?

"చంపితే ఎవరైనా బస్సే అంటిరి కద సార్?"

"నేను చంపలేదమ్మా, తింటి అంతే..."

"అయ్యో సారూ! నేనూ చంపలేదు, అవే పడినాయి. పదప్పా, ఇద్దరమూ పోదాం. కిటికీ సీటు నీకే," అంటూ చౌడమ్మ సంచి తీసింది. నోరు ఎగతాళి చేస్తోంది గానీ కళ్లు జిల్లేడు చెట్టు మీదే ఉన్నాయి. గూడు పొద్దుటి నుంచి నల్లబడుతోంది. లోపలి రెక్కల రంగు పైకి కనిపిస్తోంది. బస్సెక్కితే అంతే సంగతులు.

పిల్లలు గుసగుసలాడుకున్నారు. తరన్నుమ్ తీర్పు చెప్పింది.

"మీరు పోతే మాకు అన్నమూ లేదు, క్యాంపూ లేదు. ఈ పూట వంట మేమే సేసుకుంటాం. మీరిద్దరూ మధ్యాహ్నం దాకా జిల్లేడు కాడ కూర్చోని గూడుకు కాపలా కాయాల. నోట్లోంచి మాట రాకూడదు."

సారు బతుకుజీవుడా అని కూర్చున్నాడు. చౌడమ్మకు మాత్రం బస్సే నయమనిపించింది. మాట్లాడకుండా ఉండడమంటే ఆమెకు తుమ్ము ఆపుకున్నట్టే. సారు చొక్కా గుండీ ఊడిన సంగతి చెప్పాలి, పిల్లలు పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తున్న సంగతి చెప్పాలి. కొంగు నోట్లో కుక్కుకుంది. సారు ఉసిళ్ల మత్తులో కునుకు తీశాడు.

గూడు చిట్లింది.

ముందు ఒక కాలు, తర్వాత తల, ఆపైన తడి గుడ్డ పిండి వదిలినట్టు ముడతల రెక్కలు. చౌడమ్మ గొంతులోకి కేక వచ్చేసింది. దాన్ని మింగి, పక్కనున్న సారు చెయ్యి పట్టుకుని, పిండగలిగినంత పిండి గిల్లింది.

"అమ్మా! పాము!" అని సారు తోపు అదిరేలా అరిచాడు.

వంటపాకలోంచి గరిటెలతో సహా పిల్లలు పరిగెత్తుకొచ్చారు. పాము లేదు. నారింజ రంగు సీతాకోకచిలుక రెక్కలు ఆరబెట్టుకుంటూ వేలాడుతోంది. అందరూ తలలు ఆనించి దాన్నే చూశారు.

చాలాసేపటికి తరన్నుమ్ తల తిప్పింది. "ఇంతకూ మాట్లాడింది ఎవురు?"

చౌడమ్మ నోట్లో కొంగు అలాగే ఉంది. కళ్లు చెమ్మగిల్లి మెరుస్తున్నాయి. బుద్ధిమంతురాలిలా వేలెత్తి సారును చూపించింది.