రాహుకాలం దాటాక రెండో ప్రారంభం

ఈ మధ్య మా అమ్మాయి వాళ్ల ఆఫీసులో సర్వర్‌ను ఆపకుండా, పనుల్ని వేళకు నడిపించే షెడ్యూలర్‌ను మాత్రం ఆపి మళ్లీ మొదలుపెడితే, యంత్రం ఆన్ అయినప్పుడు ఒక్కసారే జరగాల్సిన పనులన్నీ ఇంకోసారి జరిగిపోయాయట. అమ్మాయి విసుక్కుంటుంటే నాకు నవ్వూ గర్వమూ కలిసి వచ్చాయి. ఆ పొరపాటుతో నేను తొంభైలలోనే ఖతార్‌లోని దోహాలో పోట్లాడి గెలిచాను.

ఇండస్ట్రియల్ ఏరియాలో వర్క్‌షాపులున్న ఒక కంపెనీలో మా మేనమామ సీనియర్ ఆపరేటరు, ఆయన ఇప్పించిన వీసా మీద వెళ్లిన నేను ఆయన కింద జూనియర్ని. ఎనిమిదింటికి కంప్యూటర్ ఆన్ చేయగానే షెడ్యూలర్ మొదట ముందురోజు హాజరు జాబితాను తుడిచేసేది. ఆ తర్వాత ఫోర్‌మన్లు పంపిన కాగితాలు చూసి మేము ఆనాటి పేర్లు ఎక్కించేవాళ్లం, సాయంత్రం అది మేనేజరుకు వెళ్లేది.

నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక వెల్డరు ఉండేవాడు. వర్క్‌షాపు తాళం తీసేది అతనే గనుక అతని కాగితం తొమ్మిదికి ముందే నా చేతికందేది, మిగతావాళ్లవి ఆ తర్వాత వచ్చేవి. అలాంటివాడు వరసగా మూడు సోమవారాలు రాలేదని జాబితా చెప్పింది. కంప్యూటర్ అబద్ధమాడదని నమ్మే మేనేజరు, నాలుగోసారి కూడా రాకపోతే ఇంటికి పంపేస్తానన్నాడు. ఆ వెల్డరు నేరుగా మా గదిలోకి వచ్చాడు.

"సార్, పొద్దుగాల తాళం దీసేదే నేను. మీ మిషన్ల నేనేమో మాఫీ అంట, లేనే లేనంట! మరి తాళం దయ్యం దీసిందా? మా ఊర్ల ఏ గల్ఫయినా దుబాయే, నేను దుబాయ్ పోయిన్నని మా ఇంటోళ్లు ఊరంత చెప్పుకున్నరు, ఏ మొఖం పెట్టుకొని పోవాలె?"

అతనికి శని నడుస్తోందని మా మామయ్య తేల్చేశాడు. నా చేత్తో ఎక్కించిన పేరును శని వచ్చి తుడుస్తుందంటే నాకు ఒళ్లు మండింది. సోమవారమే ఎందుకు జరుగుతోందని ఆలోచించి, మామయ్య ఆ రోజు ఏం చేస్తాడో గుర్తు చేసుకున్నాను. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. తొమ్మిదిదాకా యంత్రం ఆపి ఉంచితే మేనేజరు ఊరుకోడు. అందుకని ఆయన తొమ్మిది దాటగానే షెడ్యూలర్‌ను ఆపి, శుభమా అని మళ్లీ మొదలుపెట్టేవాడు. అది యంత్రమే కొత్తగా లేచిందనుకుని, అప్పటికి నేను ఎక్కించిన ఒకే ఒక్క పేరును, ఆ వెల్డరు పేరును, తుడిచేసేది.

"మామయ్యా, రాహువుకి ఖతార్ వీసా ఉందా? నువ్వు చూసే తెలుగు క్యాలెండరు మన ఊరి పొద్దుకి కదా వేసింది?"

"వీసా నీకిప్పించింది నేనురా, అది గుర్తుంచుకో."

ఆదివారం ఉత్తుత్తి పేర్లు పది ఎక్కించి, ఆయన చూస్తుండగా షెడ్యూలర్‌ను ఆపి మొదలుపెట్టాను. పదీ మాయమయ్యాయి. ఆయన చొక్కా సర్దుకుని, మేనేజరు గదికి నడిచాడు. తప్పు వెల్డరుది కాదు, తనదేనని నా ముందే చెప్పాడు. మూడు గైరుహాజరులూ కొట్టేశారు. అంతకంటే ధైర్యమైన పని ఆ కంపెనీలో నేను మరొకటి చూడలేదు.

ఆ సాయంత్రమే మరమ్మతు చేశాను. యంత్రం లేచినప్పుడు షెడ్యూలర్ ఒక చిన్న గుర్తు రాసిపెడుతుంది. తనను ఎన్నిసార్లు ఆపి మొదలుపెట్టినా ఆ గుర్తు కనబడితే ప్రారంభపు పనుల జోలికి పోదు. యంత్రం ఆగి మళ్లీ లేస్తేనే ఆ గుర్తు చెరుగుతుంది. యంత్రం లేవడం వేరు, షెడ్యూలర్ లేవడం వేరు. ఇంత చిన్న తేడా ఒక మనిషి బతుకుతెరువును నిలబెట్టింది. మామయ్య మాత్రం రిటైరయ్యేదాకా సోమవారం తొమ్మిదికి తన శుభారంభం చేస్తూనే ఉన్నాడు, ఒక్క పేరు కూడా పోలేదు.

ఇప్పటి యంత్రాలు మా వాటికంటే ఎంతో తెలివైనవి, కాదనను. కానీ అన్యాయం జరిగినవాడు అప్పుడు గదిలోకి వచ్చి నిలదీయగలిగాడు, పొరపాటు చేసినవాడు కుర్చీలోంచి లేచి ఒప్పుకోగలిగాడు. ఈ రోజు ఆ యంత్రాలు ఏ దేశంలో ఉన్నాయో వాటిని నడిపేవాళ్లకే సరిగా తెలియదు. పేరు చెరిగిపోయినవాడు ఎవరి తలుపు తట్టాలని అడిగితే, ఇన్నేళ్లు ఈ పనిలో ఉన్న నేను కూడా చెప్పలేను.