లీలావతికి వచ్చిన రెండు సీట్లు

ఆ వేసవిలో అవనిగడ్డ నుంచి బందరు వెళ్లే బస్సు ఎక్కినవాళ్లకి టిక్కెట్టుతో పాటు ఒక ప్రశ్న కూడా చేతికొచ్చేది. లీలావతి పెద్ద కాలేజీలో చేరాలా, చిన్న కాలేజీలో చేరాలా?

లీలావతి ఆ బస్సు నడిపే ధనరాజుగారి కూతురు. బందరు మిషన్ హాస్టల్లో ఉండి పి.యు.సి. చదివి, లెక్కల్లో జిల్లా అంతా చెప్పుకునే మార్కులు తెచ్చుకుంది. 1961లో ఇంజనీరింగుకి దరఖాస్తు పెడితే రెండు చోట్ల సీటొచ్చింది. ఆ కాలేజీల పేర్లు మాత్రం నేను చెప్పను. చెప్తే వాటిలో చదివినవాళ్లు ఈ రోజుకీ నాతో పోట్లాటకొస్తారు. ఒకటి ఉత్తరాన ఉంది, మహా పెద్దది. లోపల ఒక ఊరున్నట్టు ఉంటుందని చెప్పుకునేవారు. రెండోది దక్షిణాన కొత్తగా పెట్టింది. అందులో పిల్లల్నీ పంతుళ్లనీ కలిపి కూర్చోబెడితే ఒక పెళ్లి పందిరి సరిపోతుంది.

సంగతి ఇంట్లోవాళ్ల తర్వాత మొదట తెలిసింది కండక్టరు శోభనాద్రికి. ఆయనకి తెలిశాక పులిగడ్డ అక్విడక్టు వంతెన దాటేలోగా బస్సంతటికీ తెలిసిపోయింది.

"మా ధనరాజు బావ కూతురు ఇంజనీరైపోయిందండోయ్!" అని అరిచాడు ఫుట్‌బోర్డు మీద నుంచి.

"అవలేదు బావా, ఇంకా అవలేదు!" అని ధనరాజు ముందు నుంచి సిగ్గుపడుతూనే హారన్ మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి మళ్లీ తీయలేదు. మోపిదేవిలో జనం, బ్రేకులు ఫెయిలయ్యాయనుకుని రోడ్డు దిగి పరుగెత్తారు.

ధనరాజు తండ్రి ఒకరి పొలంలో పాలేరు. ధనరాజు యుద్ధకాలంలో మిలిటరీ లారీలు తోలి, తిరిగొచ్చి బస్సు పట్టాడు. ధనరాజు భార్య రాజమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఒక్కగానొక్క కూతురు లీలావతి చిన్నప్పటి నుంచీ డ్రైవరు పక్కన, ఇంజను బానెట్టుకి ఆనుకునే పెరిగింది. ఆ దారిలో ఆమెని ఎరగనివాళ్లు లేరు. చల్లపల్లిలో జామకాయ కొనుక్కుంటే ఆ జామకాయ దోరదా పండా అన్నది ఆమె కంటే ముందు ఇంటికి చేరేది.

అందుకే సీటు విషయం అందరి విషయమైపోయింది.

చల్లపల్లిలో బస్సెక్కే గోవర్ధనరావుగారికి రైసుమిల్లుంది. ఆయన పెద్ద కాలేజీ పక్షం. "నా మిల్లుకి చిన్న ఇంజను చాలన్నారు. సరే అని కొన్నాను. కోతలయ్యేసరికి అమ్మేశాను. కొంటే పెద్దదే కొనాలి ధనరాజూ!"

"అది ఇంజను కాదండీ, పిల్ల," అనేవారు ఏలీయా మాస్టారు. లీలావతికి అవనిగడ్డ స్కూల్లో లెక్కలు చెప్పింది ఆయనే. "చిన్న క్లాసులో అయితే పంతులు మొహం చూసి అర్థమైందా అమ్మా అని అడుగుతాడు. అంత పెద్దచోట ఎవరడుగుతారండీ?"

"అడక్కపోతే తనే చెయ్యెత్తి అడుగుద్ది. దానికి నోరు లేదా?"

"నోరుంటే సరా? వినేవాడుండొద్దూ?"

మాట మీద మాట పెరిగి, పెద్ద కాలేజీ వాళ్లు చిన్న కాలేజీ వాళ్ల పక్కన కూర్చునేది లేదని మొండికేశారు. శోభనాద్రికి మహా సరదాగా ఉంది. "పెద్ద కాలేజీ ఎడంపక్క, చిన్న కాలేజీ కుడిపక్క! జరగండి, జరగండి!" అంటూ జనాన్ని సర్దడం మొదలుపెట్టాడు. కాపరానికి వెళ్తున్న కొత్త పెళ్లికూతురు కుడిపక్క, మొగుడు ఎడంపక్క కూర్చుని బందరు దాకా మొహాలు చూసుకోలేదు. నాగాయలంక నుంచి ఎండుచేపల గంపతో వచ్చే ముసలమ్మని ఏ పక్షమని అడిగితే, "నీడెటుంటే అటయ్యా" అంది. ఆ పూట ఎడమపక్క నీడగా ఉండటంతో పెద్ద కాలేజీకి ఒక ఓటు పెరిగింది. తిరుగు ప్రయాణంలో ఆ ఓటు పోయింది.

ఇంత జరుగుతున్నా ఏ కాలేజీ కావాలని లీలావతిని అడిగినవాళ్లు లేరు. ఒకరోజు ఆమే బానెట్టు పక్క నుంచి లేచి నిలబడి, వెనక్కి తిరిగింది.

"నేను రెండూ చూసొచ్చి చెప్తానండీ."

కాలేజీని చేరకముందే చూసిరావచ్చన్న ఆలోచన ఎవరికీ తట్టలేదు.

"చీరా ఏంటమ్మా, చూసి తెచ్చుకోడానికి?" అన్నారు గోవర్ధనరావుగారు.

"అయిదేళ్లు కట్టుకోవాలి కదండీ, బాబాయ్‌గారూ."

ఆయన నవ్వాపుకోలేక ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ధనరాజు సెలవు పెట్టాడు. రాజమ్మ పులిహోర కట్టిచ్చి, ప్రార్థన చేసి పంపింది. తండ్రీకూతుళ్లు బందరులో రైలెక్కి ముందు దక్షిణానికి వెళ్లారు.

చిన్న కాలేజీ వాళ్లకి ముందే ఉత్తరం రాశారు కాబట్టి స్టేషనుకి ప్రిన్సిపాలుగారే వచ్చారు. వెంట ఒక దండ, పదిమంది పిల్లలు, ఒక ఫోటోగ్రాఫరు. ఆ కాలేజీకి మొట్టమొదటి అమ్మాయి రాబోతోందన్న సంబరం వాళ్లది. ధనరాజు మెడలో దండ పడింది. ఆఫీసు గదిలో ఆయనకి ప్రిన్సిపాలుగారి కుర్చీ పక్కనే కుర్చీ వేశారు. ఆ కుర్చీలో ఆయన సగమే కూర్చున్నాడు.

లీలావతి కోసం క్లాసులో ముందు వరసలో విడిగా ఒక బెంచీ వేసి, దాని మీద పువ్వుల గుడ్డ పరిచారు. స్టోరు గది తలుపు మీద 'స్త్రీలకు' అని అప్పుడే రంగుతో రాశారు. ఆమె ముట్టుకుంటే వేలికి అంటుకుంది. వర్క్‌షాపులో ఉన్నది ఇనుము చెక్కే లేతు మిషను ఒకటే. "ఇది నీదే అనుకోమ్మా" అన్నారు ప్రిన్సిపాలుగారు. ఆమె దాని దగ్గరికి వెళ్తే కాలేజీ అంతా వెనకే వచ్చి చుట్టూ నిలబడింది. ఆమె తుమ్మితే నలుగురు మంచినీళ్లు తెచ్చారు.

మధ్యాహ్నం భోజనం ప్రిన్సిపాలుగారింట్లో. ఆయన భార్య మాణిక్యమ్మగారు నెయ్యి వడ్డిస్తూ, "మా ఇంట్లోనే ఉంచుకుంటానన్నయ్యగారూ. నా కళ్లముందే ఉంటుంది. గుమ్మం దాటితే నేను పక్కన ఉండాల్సిందే" అని ధనరాజుకి మాటిచ్చింది. ఎంత మంచి మనసో ఆవిడది! ధనరాజు కళ్లు తుడుచుకున్నాడు. లీలావతి ముద్ద మింగి, బుద్ధిగా నవ్వింది.

అక్కడి నుంచి వెనక్కి వచ్చి, గుడివాడలో రైలు మారి ఉత్తరానికి బయలుదేరారు.

పెద్ద కాలేజీ గేటు దగ్గర గుమాస్తా తలెత్తలేదు. "అడ్మిషనా? ఎడంపక్కకి" అన్నాడంతే. ఎడమపక్క ఒక పొడుగాటి వరండా, దాని చివర ఇంకో వరండా, దాని చివర గుంపులు గుంపులుగా కుర్రాళ్లు. ఆ గుంపులో తండ్రి చెయ్యి జారిపోయింది. లీలావతి కాసేపు వెతికింది. తర్వాత ఎక్కడి నుంచో దడదడమని చప్పుడు వినిపించి, అటు నడిచింది.

అది వర్క్‌షాపు. పైన ఇనప కడ్డీ తిరుగుతోంది, దాని నుంచి కిందికి దిగిన తోలు బెల్టులు వరసల కొద్దీ మిషన్లని తిప్పుతున్నాయి. నిప్పురవ్వలు, నూనె వాసన, సుత్తి మోతలు. లోపల ఎంతమంది ఉన్నారో లెక్కలేదు. ఆమె గుమ్మంలో నిలబడింది. ఎవరూ చూడలేదు. రెండడుగులు లోపలికి వేసింది. అప్పుడూ ఎవరూ చూడలేదు. ఒక మాస్టారు మాత్రం, "పక్కకి జరగండి, బెల్టు తగులుద్ది" అని అరిచి తన పనిలో పడ్డారు.

లీలావతికి లోపల గిలిగింతలు పెట్టినట్టయింది. వరసలన్నీ తిరిగింది. ఒక మిషను కింద వంగి చూసింది. ఒక కుర్రాణ్ని ఇదేంటని అడిగితే, అతను చేతిలో పని ఆపకుండానే చెప్పాడు. ఎవరి అమ్మాయివని అడగలేదు. మీదే ఊరని అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక అలాంటి చోట ఆమె ఎప్పుడూ నిలబడలేదు.

ధనరాజు ఈలోగా వరండాలన్నీ గాలిస్తున్నాడు. "రెండు జడలేసుకున్న పిల్లండీ, నీలం ఓణీ..." ఎవరినడిగినా తల తిప్పకుండానే చూళ్లేదన్నవాళ్లే. చివరికి వర్క్‌షాపు వెనక కనిపించింది. చెంప మీద నూనె మరక, మొహం నిండా నవ్వు.

"చేరితే ఇక్కడే చేరతాను నాన్నా!"

ధనరాజు మొహం వాడిపోయింది. ఇద్దరూ బయట అరుగు మీద కూర్చున్నారు.

"అక్కడ నాకు కుర్చీ వేశారమ్మా," అన్నాడు మెల్లగా. "మీ తాత ఎవరింటికెళ్లినా బయటే నిలబడ్డాడు. నాకేమో ప్రిన్సిపాలు పక్కన కుర్చీ వేశారు."

లీలావతి నవ్వు ఆగిపోయింది. తండ్రి చెయ్యి పట్టుకుంది.

"వాళ్లు చాలా మంచోళ్లు నాన్నా. కానీ అక్కడ అయిదేళ్లూ అందరూ నన్నే చూస్తారు. నేను తప్పు చేసినా చూస్తారు, తుమ్మినా చూస్తారు. ఇక్కడ నన్నెవరూ చూడలేదు! నాకోసం ఎవరూ ఏమీ వెయ్యలేదు. వేసున్న బెంచీ మీదే నేనూ కూర్చుంటాను."

ధనరాజు బొటనవేలితో ఆమె చెంప మీది నూనె మరక తుడిచాడు. ఆనక, "నిజమేలే. ఇందాక నేను గంటసేపు అరిచినా ఒక్కడూ తల తిప్పలేదు" అన్నాడు. అని తనే ఫక్కున నవ్వాడు. అలా ఇద్దరూ నవ్వుతుంటే కూడా అటు పోయేవాళ్లెవరూ ఆగి చూడలేదు. దాంతో వాళ్లకి ఇంకా నవ్వొచ్చింది.

ఊరికి తిరిగొచ్చిన మర్నాడు బస్సులో ఫలితం ప్రకటించింది శోభనాద్రే. ఎడమపక్క చప్పట్లు, ఈలలు. గోవర్ధనరావుగారు తనే సీటిప్పించినట్టు అందరికీ నమస్కారాలు పెట్టారు. ఏలీయా మాస్టారు కుడిపక్క నుంచి లేచి, లీలావతి దగ్గరికొచ్చారు.

"అర్థం కాకపోతే ఏం చేస్తావమ్మా?"

"అర్థమయ్యేదాకా అడుగుతానండీ, మాస్టారూ. విసుక్కుంటే ఇంకొకళ్లని అడుగుతాను. అక్కడ చాలామంది ఉన్నారు."

మాస్టారు తల పంకించి, ఎడమపక్కకెళ్లి గోవర్ధనరావుగారి పక్కన కూర్చున్నారు.

ఆమె అక్కడే చదివింది. పక్కనున్న ఆర్ట్స్ కాలేజీ అమ్మాయిల హాస్టల్లో ఉంటూ, కాలేజీ మైదానంలో సైకిలు నేర్చుకుంటూ తుప్పల్లో పడింది. మొదటి ఏడాది డ్రాయింగులో తప్పింది కూడా. ఆ సంగతి అవనిగడ్డకి తెలిసేసరికి మళ్లీ రాసి పాసైపోయింది.

1966లో ఆమెకి గుడివాడ సబ్‌స్టేషన్లో ఉద్యోగమొచ్చింది. చేరిన రోజు లైన్‌మన్లందరూ గేటు దగ్గర వరసగా నిలబడ్డారు. వాళ్లలో పెద్దవాడు యలమంద. అతను సర్వీసంతా ఇంజనీర్లని బాబుగారూ అనే పిలిచాడు. ఇప్పుడేమనాలో తేలక, చేతులు కట్టుకుని, చెమటలు కక్కుతూ, "నమస్కారమండీ... బాబుగారమ్మగారండీ!" అనేశాడు.

వరసంతా బిగుసుకుపోయింది. లీలావతి ముందు పెదవి బిగబట్టింది, తర్వాత గోడ పట్టుకుంది. ఆపైన నవ్వుతూ అక్కడే మెట్టు మీద కూలబడిపోయింది. ఆమెని చూసి యలమంద, యలమందని చూసి మిగతావాళ్లు. గుడివాడలో ఆమె పనిచేసినన్నాళ్లూ ఎవరూ ఆ పిలుపు మార్చలేదు. మార్చనివ్వలేదావిడ.